సమానుల మధ్య స్వేచ్ఛ

నాయకుడు లేకుండా కొందరు మనుషులు కలిసి ఒక పని చెయ్యగలరా? చేస్తే ఆ పనిలో ఎవరి బాధ్యత ఎంత? దానికి వచ్చే పేరు ఎవరిది? ఇవి కొత్త ప్రశ్నలు కావు. సంఘాలలో పనిచేసిన ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేవే. వీటికి మనలో చాలామంది దగ్గర రెండు జవాబులు సిద్ధంగా వుంటాయి. పెత్తనం పోతే చాలు, స్వేచ్ఛ దానంతటదే వస్తుందనేది మొదటి జవాబు. పెత్తనమంటూ లేకపోతే మిగిలేది అరాచకమేననేది రెండోది. ఇవి ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధమైనట్టు కనిపిస్తాయి గాని, రెండింటిలోనూ వున్న పొరపాటు ఒకటే. ఒక నియమాన్ని తీసేసినప్పుడు, అంతవరకూ ఆ నియమం చేస్తూ వచ్చిన పనిని ఇకమీదట ఎవరు చెయ్యాలి అనే సంగతి రెండూ ఆలోచించవు.

నాకీ విషయం కాస్త స్పష్టపడింది ఒక రికార్డు విన్న తర్వాత. అది విప్లవగీతాల రికార్డు కాదు. అందులో మాటలే లేవు. 1963 నవంబరులో అయిదుగురు మనుషులు డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో, జాజ్‌హుస్ మోన్‌మార్త్ అనే క్లబ్బులో వాయించిన జాజ్ సంగీతం అది. నేను సంగీతజ్ఞుణ్ణి కాను. ముప్పయ్యేళ్లు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పినవాణ్ణి. పాశ్చాత్య సంగీతం గురించి నాకు తెలిసింది స్వల్పం. ఆ స్వల్పమైనా, ఈ రికార్డు అర్థం కాకపోవటం వల్ల పట్టుదల కొద్దీ చదివి తెలుసుకున్నదే. నా పూర్వ విద్యార్థి ఒకడు దాన్ని తెచ్చి వినిపించాడు. కాసేపు విని, "ఏమిటయ్యా ఇది, వీళ్లలో ఒకడి మాట ఒకడు వినేట్టు లేడే!" అన్నాను. "వినకపోతే ఇట్లా వాయించలేరు సార్. మరోసారి వినండి," అన్నాడతను. అతను చెప్పింది నిజమని గ్రహించటానికి నాకు పదిసార్లు వినవలసివచ్చింది.

ఆ బృందం పేరు న్యూయార్క్ కంటెంపరరీ ఫైవ్. టెనర్ శాక్సొఫోన్ వాయించినవాడు ఆర్చీ షెప్, ఆల్టో శాక్సొఫోన్ జాన్ చికాయ్, కార్నెట్ అనే చిన్న బూరా డాన్ చెర్రీ, బేస్ డాన్ మూర్, డ్రమ్ములు జె.సి. మోజెస్. షెప్ ఫ్లోరిడాలో పుట్టి ఫిలడెల్ఫియాలో పెరిగినవాడు, కాలేజీలో నాటకకళ చదువుకున్నాడు. చికాయ్ తల్లి డెన్మార్క్ మనిషి, తండ్రి కాంగో మనిషి. అతను పుట్టింది కోపెన్‌హేగన్‌లోనే. అందువల్ల ఆ క్లబ్బులో నిలబడి వాయించినప్పుడు నలుగురు పరదేశంలో వున్నారు, ఒకడు సొంత వూళ్లో వున్నాడు.

వీళ్ల కలయిక వెనక వున్న కథ మన పాఠకులకు ఆసక్తికరంగా వుంటుంది. 1962లో ప్రపంచ యువజన విద్యార్థి ఉత్సవం ఫిన్లండ్ రాజధాని హెల్సింకీలో జరిగింది. శాంతి, మైత్రి అనే నినాదాలతో అనేక దేశాల యువకులు చేరిన ఆ ఉత్సవంలో వాయించటానికి షెప్, బిల్ డిక్సన్ అనే మరొక సంగీతకారుడు కలిసి ఒక బృందంతో వెళ్లారు. చికాయ్ వాళ్లకు అక్కడే పరిచయమయ్యాడు. ఆ తర్వాత అతను న్యూయార్కు చేరాడు. 1963 వేసవిలో ఈ అయిదుగురి బృందం తయారైంది. డిక్సన్ ఇందులో వాయించకపోయినా దీనికోసం సంగీతం రాసి ఇచ్చాడు.

ఈ బృందం చేసిన పని ఏమిటో తెలియాలంటే అంతకుముందు జాజ్‌లో వున్న ఏర్పాటు తెలియాలి. మన కచేరీలో గాయకుడు స్వరకల్పన చేస్తుంటే వయొలిన్ అతన్ని అనుసరిస్తుంది. ముఖ్యుడెవరో అనుసరించేదెవరో వేదిక మీద వాళ్లు కూర్చున్న తీరులోనే తెలుస్తుంది. జాజ్‌లో ఏర్పాటు వేరు. అక్కడ ప్రతి పాటకూ కట్టుదిట్టమైన హార్మనీ చక్రం ఒకటి వుంటుంది, పన్నెండు కొలతలదో ముప్పయిరెండు కొలతలదో. పియానో ఆ చక్రాన్ని తిప్పుతూ వుంటుంది. వాద్యగాళ్లు ఒకరి తర్వాత ఒకరు లేచి, ఆ చక్రం లోపల తమ కల్పన చేస్తారు. ఎంత ప్రతిభావంతుడైనా ఫలానా కొలతలో ఫలానా హార్మనీ వస్తుందని తెలిసి, దానికి సరిపడే స్వరాలు వాయించాలి. ఇందులో ఒక సౌకర్యం వుంది. పక్కవాడు ఏం చేస్తున్నాడో అంతగా పట్టించుకోకపోయినా చక్రం అందరినీ ఒకచోట కలిపివుంచుతుంది.

ఆర్నెట్ కోల్మన్ 1959లో న్యూయార్కు వచ్చి వాయించిన బృందంలో పియానో లేదు. అందులో కార్నెట్ వాయించినవాడు ఈ డాన్ చెర్రీయే. మరుసటి సంవత్సరం డిసెంబరులో కోల్మన్ ఎనిమిదిమందిని రెండు జట్లుగా నిలబెట్టి, ముప్పయ్యేడు నిమిషాలపాటు ఆగకుండా వాయింపించి, ఆ రికార్డుకు 'ఫ్రీ జాజ్' అని పేరు పెట్టాడు. 'సామూహిక కల్పన' అని దానికి ఉపశీర్షిక. ఆ ధోరణి మొత్తానికి స్వేచ్ఛా జాజ్ అనే పేరు అక్కణ్ణుంచే స్థిరపడింది.

మన అయిదుగురూ పియానో పెట్టుకోలేదు. ఆ నిర్ణయానికి వున్న ఫలితం చిన్నది కాదు. చక్రం తిప్పేవాడు లేడు గనక, అందరినీ కలిపివుంచే పని అయిదుగురి మీదా పడింది. షెప్ వాయిస్తుంటే వెనకనుంచి చికాయ్, చెర్రీ చిన్న చిన్న పలుకులు అందిస్తారు. అతను వాటిని అందుకోవచ్చు, తోసిపుచ్చవచ్చు, వాటితో తగాదా పడవచ్చు. ఏం చేసినా అవి వినబడనట్టు మాత్రం వుండలేడు. బేస్ వాయించే మూర్‌కు ముందుగా రాసిపెట్టిన దారి లేదు. పైన ముగ్గురూ ఎటు పోతున్నారో క్షణక్షణమూ విని, వాళ్ల కాళ్లకింద నేల పరుస్తూ పోవాలి. నేను మొదటిసారి విన్నప్పుడు గందరగోళమనుకున్నది, మన ఇళ్లల్లో అయిదుగురు ఆప్తులు ఒక్కసారిగా మాట్లాడుకునేటప్పటి సందడి వంటిది. బయటివాడికి రొద. లోపలివాళ్లలో ఏ ఒక్కడి మాటా ఎవరికీ వినబడకుండా పోదు.

గొంతుల సంగతి కూడా చెప్పాలి. షెప్ గొంతు బొంగురుది. గర్జిస్తుంది, ఒక్కొక్కసారి వూపిరి చప్పుడు స్వరాన్ని మించి వినిపిస్తుంది. చికాయ్ గొంతు పొడిగా, చల్లగా, వణుకు లేకుండా వుంటుంది. చెర్రీ తేలికగా, తొందరగా పరిగెత్తుతాడు. మధ్యలో స్వరం పగిలితే దాన్ని దాచుకోవటానికి ప్రయత్నించడు. ముగ్గురూ కలిసి ఒకే వరస వాయించినప్పుడు కూడా ఈ మూడు గొంతుల అంచులూ విడివిడిగా వినిపిస్తాయి. వీళ్లు సామరస్యం కోసం గొంతులు నున్నగా చెక్కుకోలేదు. ఐకమత్యమంటే అందరూ ఒకే గొంతుతో పలకటమని మన సభల్లో తరచు వింటూ వుంటాం. ఈ రికార్డు విన్నవాడికి ఆ మాట మీద అనుమానం పుడుతుంది.

ఇక్కడ మన శిబిరంలో నుంచే ఒక ఆక్షేపణ వస్తుంది. అది తేలిగ్గా తీసిపారెయ్యదగ్గది కాదు. గోర్కీ అంతటివాడు 1928లో ప్రావ్దా పత్రికలో జాజ్ మీద ఒక వ్యాసం రాసి, దాన్ని బలిసినవాళ్ల సంగీతమన్నాడు. 1936లో జర్మన్ మార్క్సిస్టు తాత్వికుడు అడోర్నో మరొక దిక్కునుంచి దాడి చేశాడు. జాజ్‌లో స్వేచ్ఛ అనబడేదంతా మార్పులేని చట్రం మీద అతికించిన అలంకారమేననీ, అంగడి సరుకుకు అదొక మెరుగనీ ఆయన వాదన.

గోర్కీ పొరబడ్డాడని చెప్పటానికి మనం సంకోచించనక్కర్లేదు. ఆయన విన్నది హోటళ్లలో డబ్బున్నవాళ్లు నాట్యమాడే సంగీతం. దాన్ని పుట్టించిన జనాన్ని ఆయన చూడలేదు. జాజ్‌ను పుట్టించినవాళ్లు బానిసల మనుమలు. వాళ్ల పాటను అమ్ముకుని లాభం చేసుకున్నవాళ్లు వేరు. సరుకును చూసి శ్రమను మరిచిపోవటం మనం ఇతరుల్లో ఎత్తిచూపే పొరపాటే. నల్లజాతి కవి లీరాయ్ జోన్స్, తర్వాత అమీరీ బరాకాగా పేరు మార్చుకున్న ఆయన, 1963లోనే 'బ్లూస్ పీపుల్' అనే పుస్తకం రాసి, ఈ సంగీత చరిత్రను ఒక జాతి జీవిత చరిత్రగా చదివి చూపించాడు.

అడోర్నో ఆక్షేపణ గట్టిది. కాని దానికి జవాబు చెప్పినవాళ్లు విమర్శకులు కారు, వాద్యగాళ్లు. చట్రం మారకుండా అలంకారం మార్చి లాభం లేదని వాళ్లకూ తోచింది. వాళ్లు చట్రం మీదే చెయ్యి వేశారు. అడోర్నోను చదివి చేశారని నేననటం లేదు. ఒక పద్ధతిలో రోజూ పనిచేసేవాడికి ఆ పద్ధతి లోపం సిద్ధాంతవేత్త కంటే తక్కువగా ఏమీ తెలియదు. మగ్గం దగ్గర కూర్చున్నవాణ్ణి అడిగి చూడండి.

సామాన్యుడికి అర్థంకాని కళ ప్రజాకళ ఎట్లా అవుతుందని మరొక ప్రశ్న. నాకు పదిసార్లు వింటేగాని అర్థంకాలేదని ముందే ఒప్పుకున్నాను. అయితే 'సామాన్యుడు' అనే మాటను మనం కొంత చులకనగా వాడుతున్నామని నా అనుమానం. మొదటిసారి విన్నప్పుడు తెలియనిదల్లా ప్రజలకు పనికిరాదంటే, మనం వాళ్లకు చదవమని ఇచ్చే పుస్తకాలలో ఎన్ని మిగులుతాయి? అదనపు విలువ సిద్ధాంతం ఏ విద్యార్థికీ మొదటి పాఠంలో అర్థం కావటం నేను చూడలేదు. కష్టంగా వుండటం తప్పు కాదు. కష్టపడి విన్నవాడికి ఏమీ మిగల్చకపోతే తప్పు. ఈ రికార్డు మిగులుస్తుంది.

పైగా ఇందులో వున్న స్వేచ్ఛ హద్దుల్లేనిది కూడా కాదు. మోజెస్ డ్రమ్ముల మీద పాత జాజ్ నడకను చాలావరకు నిలబెట్టే వుంచుతాడు. వరసలు ముందుగా రాసుకున్నవే. వాటిలో కొన్ని కోల్మన్‌వి, కొన్ని చెర్రీవి, చికాయ్‌వి, షెప్‌వి. చెర్రీ రచన ఒకదాని పేరు 'సిసమ్'. ఇంగ్లీషులో మ్యూజిక్ అనే మాటను వెనకనుంచి చదివితే వచ్చేది. ఏది తీసెయ్యాలో ఏది వుంచాలో వాళ్లు ఒక్కొక్కటిగా ఆలోచించి నిర్ణయించుకున్నారు. తీవ్రవాద విమర్శకుడు దీన్ని సగం స్వేచ్ఛ అనవచ్చు. అవసరమని తాను గుర్తించి వుంచుకున్న నియమం, పైనుంచి వచ్చి నెత్తిన పడ్డ నియమం రెండూ ఒకటే అని అతను ముందుగా రుజువు చెయ్యాలి.

దీనికి మంచి నిదర్శనం ఆ రికార్డులోనే వుంది. థెలోనియస్ మాంక్ 1957లో తన భార్య నెల్లీ పేరు మీద ఒక రచన చేశాడు. కల్పనకు అంత పేరుపొందిన మాంక్ ఆ ఒక్కదాన్ని మాత్రం రాసినది రాసినట్టే వాయిస్తూ వుండేవాడు. ఈ అయిదుగురూ దాన్ని తీసుకున్నారు. కావాలంటే ముక్కలు ముక్కలు చెయ్యగలరు, ఆ రాత్రి మిగతా రచనలతో అంత పనీ చేశారు కూడా. ఇక్కడ మాత్రం ఎవరూ తన ప్రతాపం చూపించలేదు. వరసను క్లుప్తంగా, మర్యాదగా వాయించి వదిలేశారు. పియానో కోసం పుట్టిన పాటను పియానో లేకుండా మూడు బూరాల మీదికి పంచుకోవటమే వాళ్లు చేసిన మార్పు. మాట్లాడే హక్కు వున్నవాడు కావాలని మౌనంగా వుండటం కూడా స్వేచ్ఛలో భాగమే. నోరు నొక్కేస్తే వచ్చే మౌనానికీ దీనికీ సంబంధం లేదు.

ఈ స్వేచ్ఛ దేనికోసం అన్న ప్రశ్నకు జవాబు మరొక రచనలో వుంది. షెప్ రాసిన ఆ రచన పేరు 'ది ఫ్యూనరల్', అంత్యక్రియలు. అది మెడ్గర్ ఎవర్స్ స్మృతికి అంకితం. ఎవర్స్ రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. యుద్ధం నుంచి వచ్చి, సొంత రాష్ట్రమైన మిసిసిపిలో నల్లవాళ్ల ఓటుహక్కు కోసం, పాఠశాలల్లో వర్ణభేదం పోవటం కోసం పనిచేశాడు. 1963 జూన్ 12న అర్ధరాత్రి దాటాక ఇంటికి వచ్చి కారు దిగినవాణ్ణి, ఇంటిముందే వెనకనుంచి తుపాకితో కాల్చి చంపారు. 1964లో రెండుసార్లు విచారణ జరిగింది. రెండుసార్లూ తెల్లవాళ్లే కూర్చున్న జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేక హంతకుణ్ణి వదిలేసింది. అతనికి శిక్షపడింది 1994లో. ముప్పయ్యొక్క సంవత్సరాలు పట్టింది.

కోపెన్‌హేగన్‌లో ఈ పాట వాయించేనాటికి ఆ హత్య జరిగి అయిదు నెలలు. ఇందులో నినాదం లేదు, మాట లేదు. శోకం మాత్రం ఒక్కడిది కాదు. చావింట్లో అందరూ ఒకే వరసలో ఏడవరు. ఒకరు గట్టిగా, ఒకరు గొంతులోనే, ఒకరు కాసేపు ఆగి మళ్లీ. కాని ఎవరి ఏడుపూ పక్కవాళ్ల ఏడుపుతో సంబంధం లేకుండా వుండదు. తలా ఒక తీరున దుఃఖపడే హక్కును వదులుకోకుండా కలిసి దుఃఖపడటం ఎట్లాగో ఈ పాట చూపిస్తుంది. ముందుగా నిర్ణయించిన చక్రంలో, వంతులవారీగా ఆ పని చెయ్యటం సాధ్యమని నాకు తోచదు. అంతకుముందు రూపం మీద ప్రయోగంగా వినబడిన సంగీతం ఇక్కడ నాకు అవసరంగా వినబడింది.

ఇంతవరకూ మెచ్చుకోలు. ఇక నన్ను ఇబ్బంది పెట్టిన సంగతికి వస్తాను.

నాకు దొరికిన రికార్డు అట్ట మీద ఏమని వుంది? 'ఆర్చీ షెప్ అండ్ ది న్యూయార్క్ కంటెంపరరీ ఫైవ్' అని. అయిదుగురిలో ఒకడి పేరు ముందుకు వచ్చింది. అయిదుగురు కలిసి చేసిన పని, ఒకడూ అతని బృందమూ చేసిన పనిగా మారిపోయింది. వాయించిన రచనలన్నీ షెప్‌వేమీ కావు. అతను మిగతావాళ్ల కంటే పెద్దవాడూ కాడు. తర్వాతి కాలంలో అతని పేరుకు మార్కెట్టు పెరిగింది. కొనేవాడికి ఒక పేరు కావాలి. దుకాణంలో రికార్డును ఏదో ఒక అక్షరం కింద పెట్టాలి. ఇందులో కుట్ర ఏమీ లేదు. సరుకుల ప్రపంచానికి సామూహిక శ్రమ కనిపించదు, అంతే. దానికి కనిపించాలంటే ఆ శ్రమ ఒక వ్యక్తి ముఖం తొడుక్కోవాలి.

ఆ బృందం ఏడాది కూడా నిలవలేదు. 1964లో ఎవరి దారిన వాళ్లు పోయారు. న్యూయార్కులో ఇటువంటి సంగీతానికి క్లబ్బులు తలుపులు తియ్యలేదు. తీసినా, మద్యం అమ్మే చోట వాయించాలంటే పోలీసులిచ్చే అనుమతిపత్రం వుండితీరాలి. ఆ నిబంధన 1967లో గాని పోలేదు. అదే 1964లో బిల్ డిక్సన్ ఈ సంగీతకారులను కూడగట్టి జాజ్ కంపోజర్స్ గిల్డ్ అనే సంఘం పెట్టాడు. క్లబ్బు యజమానులతో గాని రికార్డు కంపెనీలతో గాని విడివిడిగా బేరాలు పెట్టుకోకుండా అందరం కలిసి మాట్లాడదామని దాని ఉద్దేశం. షెప్, చికాయ్ ఇద్దరూ అందులో వున్నారు. షెప్‌కు ఒక పెద్ద కంపెనీతో కుదిరిన ఒప్పందం గిల్డులో తగాదాలకు ఒక కారణమయింది. 1965లో గిల్డు విచ్ఛిన్నమయింది. షెప్‌ను తప్పుపట్టటం సులువు. అవకాశం రాక ఇబ్బంది పడుతున్న మనిషికి అవకాశం వస్తే వద్దనమని చెప్పే హక్కు, నెలనెలా జీతం తీసుకున్న నాబోటివాడికి వుందని నేననుకోను. ఒకటి మాత్రం నిజం. వేదిక మీద అంత చక్కగా పరస్పరం వినగలిగిన మనుషులు, డబ్బు దగ్గరికీ పేరు దగ్గరికీ వచ్చేసరికి అంత చక్కగా కలిసి వుండలేకపోయారు.

ఈ మాట రాస్తున్నప్పుడు నా గతం నాకు గుర్తుకువస్తూనే వుంది. 1983లో మేం ఏడుగురం కలిసి ఒక అధ్యయన మండలి నడిపాం. అధ్యక్షుడు లేడు, కార్యదర్శి లేడు. ఆ సంగతి గర్వంగా చెప్పుకునేవాళ్లం. మా ప్రాంతపు చేనేతవాళ్ల అప్పుల మీద ఒక చిన్న పుస్తకం వెయ్యాలనుకున్నాం. మాలో ఒక బడిపంతులుండేవాడు. నేతపనివాళ్ల కుటుంబంలో పుట్టినవాడు. సమావేశాల్లో మాట్లాడింది చాలా తక్కువ. ఆయన ఆరు నెలలపాటు సాయంత్రాలు బడి వదిలాక ఇంటింటికీ తిరిగి, నూలు ధర ఎంత, మాస్టర్ వీవరు ఇచ్చే కూలి ఎంత, పెళ్లికి చేసిన అప్పెంత, రోగానికి చేసిన అప్పెంత అని నోటుబుక్కుల్లో రాసుకొచ్చాడు. ఆ లెక్కలే పుస్తకానికి వెన్నెముక. మేం మిగతావాళ్లం వాటి చుట్టూ సిద్ధాంతం అల్లాం.

అచ్చువేసేటప్పుడు ప్రెస్సు యజమాని, "ఏడుగురి పేర్లుంటే ఎవరు కొంటారండీ? లెక్చరర్‌గారి పేరొకటి వేస్తే కాలేజీల్లో పోతుంది," అన్నాడు. నేను సమావేశంలో లేచి, ఎవరికైనా అభ్యంతరముందా అని అడిగాను. అందరూ వూరుకున్నారు. పంతులుగారు మాత్రం, "పేరుదేముంది లెండి, పుస్తకం బయటికొస్తే చాలు," అన్నాడు. నా పేరుతో పుస్తకం వచ్చింది. మంచి సమీక్షలు వచ్చాయి. రచయిత క్షేత్రపరిశీలనను మెచ్చుకున్నవాళ్లున్నారు. ఆ తర్వాత పంతులుగారు రెండు సమావేశాలకు వచ్చాడు. మూడోదానికి రాలేదు. మరెప్పుడూ రాలేదు. ఇంటి బాధ్యతలు పెరిగాయి కాబోలని మేం అనుకున్నాం. అట్లా అనుకోవటం మాకు సుఖంగా వుంది. ఆయన చనిపోయి చాలా ఏళ్లయింది.

'పేరుదేముంది లెండి' అన్న మాటను నేను అంగీకారంగా తీసుకున్నాను. మాట చెవిన పడింది గాని, ఆయన చెప్పింది నేను వినలేదు. అభ్యంతరముందా అని నలుగురిలో నిలబడి అడగటం, లేదని అనిపించుకోవటానికే. చికాయ్ అందించిన పలుకును షెప్ కావాలంటే ఎదిరించాడు గాని, అసలు పలకనట్టు దాటిపోలేదని ఇందాక రాశాను. నేను నా తోటివాడి ఆరు నెలల శ్రమను దాటిపోయాను. మా మండలిలో నాయకుడు లేడన్నది అబద్ధం. నాయకుడు నేనే. పదవి లేదు గనక నన్ను నిలదీసే అవకాశం కూడా ఎవరికీ లేకపోయింది. ఎన్నికైన కార్యదర్శినయితే కనీసం దించేసేవాళ్లు.

అయిదుగురి సంగీతబృందానికీ, వేలమంది కార్మికుల సంఘానికీ పోలిక ఎంతదూరం సాగుతుందని విజ్ఞులు అడుగుతారు. ఎంతోదూరం సాగదు. ఏభైవేలమంది ఒకరినొకరు చెవితో వినలేరు. వాళ్లకు ప్రతినిధులు కావాలి, తీర్మానాలు కావాలి, లెక్కల పుస్తకం కావాలి. నిజానికి అయిదుగురికి కూడా అవి కావాలనే గిల్డు అనుభవం చెపుతున్నది. 1965లో షికాగో నగరంలో నల్లజాతి సంగీతకారులు సృజనాత్మక సంగీతకారుల అభ్యున్నతి సంఘం అని ఒకటి పెట్టుకున్నారు. దాన్ని ఎ.ఎ.సి.ఎమ్. అని పిలుస్తారు. వాళ్లు వాయించింది కూడా స్వేచ్ఛా సంగీతమే. కాని సంఘాన్ని సక్రమంగా నమోదు చేశారు, ఆశయాలు రాసుకున్నారు, తమ కచేరీలు తామే ఏర్పాటు చేసుకున్నారు, పేటలోని పిల్లలకు సంగీతం నేర్పే బడి పెట్టారు. ఆ సంఘం ఇవాళ్టికీ వుంది. సంగీతంలో నియమాలను సడలించినవాళ్లు సంఘంలో నియమాలు రాసుకోవటం పరస్పర విరుద్ధం కాదు. నియమం రాసుకోని చోట మనిషి మంచితనం మీద ఆధారపడవలసి వస్తుంది. మంచితనం చాలకపోవటం నా విషయంలో నేను చూశాను.

అందువల్ల మొదట వేసుకున్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. నియమం పోయినచోట దాని పని మిగిలేవుంటుంది. ఆ పనిని అందరూ పంచుకోవాలి. పంచుకోవటంలో మొదటి భాగం వినటం, అందులోనూ తక్కువ మాట్లాడేవాణ్ణి వినటం. రెండో భాగం, వినటం విఫలమయ్యే చోట్లు ఏవో ముందే గుర్తించి, డబ్బు గురించీ పేరు గురించీ అందరికీ తెలిసేట్టు కాగితం మీద పెట్టుకోవటం. మొదటిది లేని సంఘం కచేరీ అవుతుంది, మిగతావాళ్లు పక్కవాద్యాలవుతారు. రెండోది లేని సంఘం ఒక రాత్రి అద్భుతంగా వాయించి మర్నాడు విడిపోతుంది.

ఈ పత్రిక చదివే విద్యార్థులలో చాలామంది ఏదో ఒక బృందంలో వుండివుంటారు. కరపత్రాలు, గోడపత్రికలు, సంచికలు తెస్తూవుంటారు. వాళ్లకు నా సలహా ఒకటే. అట్ట మీద ఎవరి పేరు వుండాలన్న సంగతి ప్రెస్సుకు వెళ్లే రోజున కాక, పని మొదలుపెట్టే రోజున తేల్చుకోండి. ఎవరైనా 'పేరుదేముంది' అంటే ఆ మాటను అక్కడితో వదలకండి. ఆయన పక్కన కూర్చుని, మిగతావాళ్లు లేనప్పుడు, మళ్లీ అడగండి.

నా దగ్గర ఆ చేనేత పుస్తకం ప్రతులు ఇంకా నాలుగున్నాయి. వాటి లోపలి అట్ట మీద, నా పేరు పక్కన, మిగిలిన ఆరు పేర్లూ ఈమధ్యనే చేత్తో రాశాను. పంతులుగారి పేరు మొదట రాశాను. అందువల్ల జరిగిన అన్యాయం పోదని నాకు తెలుసు.